తులసి కుండీలో గోదారి ఒండ్రు

కొబ్బరి పొట్టును నీళ్లలో నానబెడితే తడిసిన గోనెసంచి వాసన వస్తుంది. ఈ ఉదయం ఖమ్మంలో మా డాబా మీద దాన్ని పిండి, ఎర్రమట్టిలో కలుపుతుంటే బుచ్చక్క గుర్తొచ్చింది. టేకులపల్లి వైపు అడవి పల్లెలో పుట్టి, భద్రాచలంలో రోడ్డు పక్కన చిన్న నర్సరీ నడిపేది. బడికి పోలేదు. అప్పటికే వేదికలెక్కి హేతువాదం దంచుతున్న నాకు, ఆ మాటకు అర్థం ఆమె దగ్గరే తెలిసింది.

అప్పుడు నేను భద్రాచలంలో లెక్చరర్‌ను. శకుంతలమ్మగారింట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఆ ఏడు వరద తీశాక వీధినిండా ఒండ్రు మిగిలింది. గోదారి తల్లి గుమ్మంలోకి తెచ్చిపెట్టిన మట్టి అంటూ ఆవిడ తులసి కుండీని దానితోనే నింపారు. నెల తిరక్కుండా తులసి ఎండిపోయింది. నింద కోడలు సరిత మీద పడింది. బయటున్న రోజుల్లో ముట్టుకుందట! ఆ పిల్ల వాకిట్లోకి రావడమే మానేసి పెరటి దారిన తిరిగేది.

నాకు ఒళ్లు మండింది. అరుగు మీద నిలబడి గంటసేపు ఉపన్యసించాను. శకుంతలమ్మగారు బియ్యంలో రాళ్లేరుతూ అంతా విన్నారు.

"అన్నీ మంచిగనే చెప్పిన్రు సారూ. మరి చెట్టెందుకు సచ్చింది?"

మర్నాడు బుచ్చక్కను పిలుచుకొచ్చాను. ఆమె కుండీని వంచి, అంచు మీద రెండు దెబ్బలేసి, మట్టిని గోనె మీదకు దింపింది. పెద్ద ఇటుకలా దిగింది. విరిచి చూస్తే వేర్లు నల్లగా కుళ్లిపోయి ఉన్నాయి.

"గీ మట్టి ఎవలు పోసిన్రు?"

"నేనే పోసిన. గోదారి మట్టికి ఏమైతది?" అన్నారు శకుంతలమ్మగారు.

"పొలంల బంగారమే అమ్మా. కుండీల గట్టిపడ్తది. నీళ్లు దిగవు, వేర్లకు ఊపిరాడదు."

"సారు గూడ మస్తు సారం ఉంటదన్నడు."

నిజమే, ఆ మాట నేనన్నదే. ఒండ్రునేలల గురించి పుస్తకంలో చదివింది ఒప్పజెప్పి, రెండు బకెట్లు మోసుకొచ్చింది కూడా నేనే. నిన్నటి ఉపన్యాసంలో ఆ ముక్క లేదు.

బుచ్చక్క పకపకా నవ్వింది. "అమ్మకు గోదారి మీద నమ్మకం, సారుకు పుస్తకం మీద. చెంబెడు నీళ్లు పోసి చూసినోళ్లే లేరు!"

రెండు కుండీలు తెప్పించింది. ఒకదాంట్లో ఒండ్రు నింపింది. రెండోదాంట్లో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఇంకో పాలు ఇసుకా ఊకా కలిపి నింపింది. రెండింట్లోనూ నీళ్లు పోసింది. కలిపిన మట్టి అడుగునుంచి నీళ్లు వెంటనే కారాయి. ఒండ్రు మీద పోసినవి అలాగే నిలబడిపోయాయి.

శకుంతలమ్మగారు చాలాసేపు ఆ నీళ్లనే చూశారు.

"సరితా, ఇట్రా. కొత్త మొక్క నువ్వే పెట్టు."

"ఇయ్యాల వద్దత్తమ్మా," అంది సరిత, గడప దాటకుండా.

"మా నర్సరీల అన్నీ ఆడోళ్లే నాటుతరు బిడ్డా," అంది బుచ్చక్క. "రోజులు చూసుకుంట కూసుంటే నేనేం అమ్ముకోవాలె?"

శకుంతలమ్మగారు చెంబును కోడలి వైపు జరిపారు. "ఎక్కువ పొయ్యకు," అన్నారు. సరిత గడప దాటి వచ్చింది.

మూఢనమ్మకం మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. కాకపోతే ఎవరినైనా నిలదీసే ముందు, జరిగిన పొరపాటులో నా చెయ్యి ఎంత ఉందో చూసుకుంటాను. ఉంటే, మొదట ఆ సంగతే చెబుతాను. తర్వాత చెప్పేది వాళ్లు వింటున్నారు.