గడప దాటిన శాక్సఫోన్

తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల కొట్టు మీద చిన్న గది ఉంది. మేం ముగ్గురం రికార్డులు మార్చుకునేది అక్కడే. కింద బస్తాలు దించుతుంటారు, పైన మేం కళ్లు మూసుకుని ఎవరో ట్రంపెట్ ఊదుతుంటే వింటుంటాం. మార్కెట్ సెలవు రోజున కింద సందడి ఉండదు గాని, ఉల్లి ఘాటు మాత్రం సెలవు తీసుకోదు. ఆ గదిలో విన్న విషాద గీతాలకి మాకొచ్చిన కన్నీళ్లలో సంగీతం వాటా ఎంతో ఇప్పటికీ తేలలేదు.

ఆ గది, కింద కొట్టు షావుకారుగారివి. మా ముగ్గురిలో చిన్నవాడు ఆయనే. ఉల్లిపాయల కొనుగోలుకి మహారాష్ట్ర వెళ్లినప్పుడల్లా తిరుగు ప్రయాణంలో బొంబాయిలో దిగి, పేవ్‌మెంటు మీద పాత రాక్ రికార్డులు ఏరుకొస్తాడు. రెండో ఆయనకి కొల్లేటి లంకల్లో చేపల చెరువులున్నాయి. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మగారూ అంటాడు, షావుకారుగారికి మాత్రం ఆయన బాబాయిగారు. ఇక మూడోదాన్ని నేను. ఏలూరులో జెరాక్సు కొట్టు నడుపుతాను.

రికార్డు మార్చుకోవాలంటే షావుకారుగారి రూలు ఒకటుంది. గదిలో ఎన్నిసార్లయినా విను, టార్చిలైటు వేసి గీతలు వెతుక్కో, బేరమాడు, అలుగు. కానీ రికార్డు చంకలో పెట్టుకుని గడప దాటావంటే ఇక దాటినట్టే. లారీ ఎక్కిన సరుకుని కుళ్లిందని దించితే వ్యాపారం సాగదంటాడు. మేమూ ఒప్పుకున్నాం.

నా సంగతి కొంచెం చెప్పాలి. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా ఏలూరు గ్రంథాలయం పెట్టిన భిక్ష. జాజ్ అన్న మాట కూడా నాకు చెవిన పడకముందు కంట పడింది. ఇంగ్లీషు బీరువాలో కింది అరలో అట్ట ఊడిపోయిన సంగీత పుస్తకం ఒకటుండేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక వేసవంతా కూర్చుని చివరిదాకా చదివాను. అందులో బొమ్మలున్నాయి గాని శబ్దం లేదు కదా! శాక్సఫోన్ గొంతు ఎలా ఉంటుందో తెలియకుండానే, దాన్ని వాయించేవాళ్లలో ఎన్ని రకాలున్నాయో చెప్పగలిగేదాన్ని. "వంట పుస్తకం చదివి కడుపు నిండిందనే మనిషివి నువ్వు" అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. చివరికి ఆయనే పాత సామాన్ల కొట్లో ఒక రికార్డు ప్లేయరు చూసి, రిపేరు చేయించి తెచ్చిపెట్టాడు. చాలామంది పాట విని పుస్తకం వెతుక్కుంటారు. నేను పుస్తకం చదివి పాట వెతుక్కున్నాను. ఇందులో నాకు నామోషీ ఏమీ లేదు, గర్వమే.

పోయిన శీతాకాలం ఒక ఆదివారం అన్నయ్యగారు మమ్మల్ని భోజనానికి పిలిచారు. చెరువు గట్టు మీద ఆయనకొక షెడ్డు ఉంది. నీళ్లలో పాతిన కర్రలకి చేపల మేతకని తవుడు సంచులు వేలాడుతున్నాయి, అవతల గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. బొచ్చె చేప పులుసుతో తిని నులక మంచాల మీద కూర్చున్నాక, ఆయన తన మిషను మీద ఒక జాజ్ రికార్డు పెట్టాడు. బరువైన, అందమైన మిషను. అమెరికా సరుకట. మద్రాసులో కొన్నాడు. అది పక్కన ఒక ఇనప డబ్బా లాంటి ట్రాన్స్‌ఫార్మరు ఉంటేనే పనిచేస్తుంది.

శాక్సఫోన్ మొదలైంది. అంత నిదానంగా ఊదే మనిషిని నేనెప్పుడూ వినలేదు. ఎక్కడికీ వెళ్లాల్సిన పనిలేనివాడు గట్టు మీద నడుస్తున్నట్టుంది. ఒక స్వరం మీద ఆగుతాడు. అయిపోయిందేమో అనుకునేలోగా అడుగు తీసి ఇంకోదాని మీద వేస్తాడు. వెనక డ్రమ్ములు కూడా ఆయన్ని తొందరపెట్టవు. పుస్తకంలో చదివి ఇన్నేళ్లుగా మనసులో ఊహించుకున్న శబ్దం ఇదే.

"అన్నయ్యగారూ, ఇది నాకు కావాలండీ."

"తీసుకోండి చెల్లెమ్మగారూ. నాకైతే అది పెడితే నిద్రొచ్చేస్తోందండీ. చేపలకి మేత టైము దాటిపోతోంది. బదులుగా మీ రెండు రికార్డుల రాక్ ఆల్బమ్ ఇచ్చేయండి. గూడెంలో విన్నాను కదా, ఆ గిటారు గుండెల మీద తన్నిందండీ!"

నా దగ్గరున్న వాటిలో ఆ ఆల్బమే గొప్పది. అట్ట తెరిస్తే పెద్ద బొమ్మల పుస్తకంలా విప్పుకుంటుంది. దానికోసం షావుకారుగారు రెండేళ్లుగా నా చుట్టూ తిరుగుతున్నాడు. అయినా ఒప్పుకున్నాను. మళ్లీ గూడెంలో కలిసినప్పుడు ఇచ్చిపుచ్చుకున్నాం. మిషను రిపేరులో ఉంది, వచ్చాక విని తీసుకెళ్లండని షావుకారుగారు మొత్తుకున్నా, ఒకసారి విన్నదే కదా అని, ఇద్దరం వాటిని వినకుండానే గడప దాటించేశాం.

ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, మా మిషను మీద రికార్డు పెట్టాను. మా ఆయన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాను.

ఒక్క నిమిషంలో నా మొహం మాడిపోయింది. పాట అదే, మనిషి వేరు. గొంతు సన్నగా ఉంది, నడక చురుగ్గా ఉంది. ఎక్కడా ఆగడం లేదు.

"ఇదేనా నువ్వు పొగిడినాయన?" అన్నాడు మా ఆయన. "పాసింజరు కదిలిపోతుంటే ప్లాట్‌ఫారమ్ మీద పరిగెడుతున్నట్టున్నాడు."

ఇక్కడే నా చదువు నన్ను దారి తప్పించింది. జాజ్ వాళ్లు ఒకే పాటని వేరువేరు రోజుల్లో వేరువేరుగా రికార్డు చేస్తారని నేను చదివాను. కాబట్టి అన్నయ్యగారి దగ్గర ఇవి రెండుండాలి, నేను విన్నదొకటి, నాకిచ్చింది ఇంకొకటి. ఎంత చక్కగా అతికిందో! వెంటనే ఫోన్ చేశాను.

"అన్నయ్యగారూ, ఇలాంటి రికార్డు మీ దగ్గర ఇంకోటి ఉందాండీ?"

"లేదండీ. ఏం?"

"అక్కడ విన్నది ఇది కాదండీ."



"అంటే మార్చి ఇచ్చాననాండీ మీ ఉద్దేశం?"

"అయ్యో, అలా అనలేదండీ."

"అనలేదండీ. అడిగారండీ. ఉంటానండీ."

మా వైపు కోపం వచ్చినకొద్దీ మర్యాద పెరుగుతుంది. మూడు ముక్కల్లో మూడు అండీలు వినపడగానే నాకు సంగతి అర్థమైంది. తర్వాతి సెలవు రోజున ఆయన గూడెం రాలేదు. ఆ గదిలో మేమిద్దరమే కూర్చున్నాం, మిషను బాగై వచ్చినా ఒక్క పాటా రుచించలేదు. ఆ శాక్సఫోన్ పోయింది, నా ఆల్బమ్ పోయింది, మనిషి కూడా పోయేలా ఉన్నాడు.

"గడప దాటింది మేడమ్" అన్నాడు షావుకారుగారు.

"వెనక్కిమ్మనడం లేదండీ. నేను విన్నది ఏమైందో తెలియాలి."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరుకు తూకంలో తేడా వచ్చిందని ఎవరైనా అంటే, మేం మొదట తూచిన కాటా మీదే మళ్లీ తూస్తామండీ. పదండి, బాబాయిగారి కాటా మీదకే పోదాం."

ఆ ఆదివారం ఆయన కారులో లంకకి వెళ్లాం. అన్నయ్యగారు ఎదురొచ్చారు, కుర్చీలు తుడిచి వేశారు, మజ్జిగ ఇప్పించారు. అంతా అండీల మీదే నడిచింది. నేను రికార్డు తీసి చేతికిచ్చాను. ఆయన దాన్ని మిషను మీద పెట్టి, ముల్లు దించాడు.

శాక్సఫోన్ మళ్లీ గట్టు మీద నిదానంగా నడవడం మొదలుపెట్టింది.

"చూశారాండీ!" అని లేచి నిలబడ్డాడు అన్నయ్యగారు. "ఇదే కదా నేనిచ్చింది!"

పోయిన మనిషి తిరిగొచ్చినట్టు నేను చూస్తుండిపోయాను. షావుకారుగారు అట్ట వెనక్కి తిప్పి చదివి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. అట్ట మీద ఆ పాట ఆరు నిమిషాలని వేశారు. ఏడు దాటినా ఇంకా అయిపోలేదు.

"తూకం తేడా పాటలో లేదండీ," అన్నాడు. "కాటాలోనే ఉంది."

ముగ్గురం మిషన్ని తలకిందులు చేసి చూశాం. అడుగున రేకు మీద వోల్టులు, దాని పక్కన అరవై సైకిళ్లు అని అచ్చు ఉంది. అప్పుడు నా గ్రంథాలయం నా పక్షాన నిలబడింది. కరెంటు గురించి కూడా ఒక వేసవి చదివి ఉన్నాను. "మన కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుందండీ, అమెరికా కరెంటు అరవైసార్లు. ఈ మోటారు ఆ ఊపుని పట్టుకునే తిరుగుతుంది. మీ డబ్బా వోల్టేజీని తగ్గిస్తుంది గాని ఊపుని మార్చలేదు. అందుకే ఇక్కడ అంతా నెమ్మదిగా తిరుగుతోంది. మా మిషను మనదేశంలోదే కాబట్టి సరిగ్గా తిరుగుతోంది."

"అంటే ఇన్నేళ్లూ నేను విన్నవన్నీ..."

"ఆరో వంతు నెమ్మదిగా విన్నారండీ."

ఆయన గబగబా అరలో వెతికి ఒక రికార్డు తీశాడు. అట్ట మీద పూలు పెట్టుకున్న ఒక గాయని నవ్వుతోంది. "అయితే ఇందులో పాడేది ఈవిడేనా! మగాయన గొంతు కదా అని, ఈ బొమ్మ అందానికి వేశారనుకున్నానండీ!"

షావుకారుగారు కడుపు పట్టుకుని నులక మంచం మీద పడిపోయాడు. ఉల్లిపాయలు లేకుండా ఆయన కళ్లలో నీళ్లు చూడడం అదే మొదటిసారి. అన్నయ్యగారి భార్య షెడ్డు పక్క వంటపాకలోంచి తొంగిచూసి, "నేనప్పుడే చెప్పాను, అది ఆడమనిషి పాటేనని. వింటేనా?" అని లోపలికెళ్లిపోయింది.

నవ్వులయ్యాక అన్నయ్యగారు మెల్లిగా అన్నాడు. "మీతో ఒక మాట చెప్పలేదండీ, బాగుండదని. మీ రాక్ ఆల్బమ్ కూడా ఇక్కడికొచ్చాక జ్వరం తగ్గి లేచినవాడు వాయించినట్టుందండీ. ఆవిడ నాకేదో నాసిరకం అంటగట్టిందని మా ఆవిడంటే, చదువుకున్నావిడ అలా చెయ్యదులే అన్నాను."

నేను ఫోన్ చేసి అడిగేశాను, ఆయన అడగకుండా మింగేశాడు. ఇద్దరికీ ఇంటికొచ్చింది తేడా సరుకే అనిపించింది. రికార్డులు వెనక్కి మార్చుకున్నా లాభం లేదు, నాకు కావలసిన శాక్సఫోన్ ఈ మిషనులోనే ఉంది, ఆయనకి కావలసిన గిటారు మా మిషనులో ఉంది.

"మిషన్లకి గడప రూలు లేదండీ" అన్నాడు షావుకారుగారు, చాలా పెద్ద తీర్పు చెప్తున్నట్టు.

వారం తిరక్కుండా అన్నయ్యగారు మేత బస్తాలు తెచ్చే వ్యానులో మిషన్ని, డబ్బాని పెట్టుకుని మా ఇంటికొచ్చారు. మా మిషను తీసుకెళ్లేముందు దాని మీద ఒక్కసారి నాకిచ్చిన శాక్సఫోన్ రికార్డు వింటానన్నారు. పెట్టాను. సగానికొచ్చేసరికి ఆయన కాలు తాళం వేస్తోంది. రెండో వైపుకి వచ్చేసరికి భుజాలు కదులుతున్నాయి.

"ఇంత హుషారుగా ఉంటుందని తెలిస్తే ఇచ్చేవాణ్ణే కాదండీ" అన్నాడు.

రికార్డు తీసి అట్టలో పెట్టి, ఆ అట్టని ఒళ్లో పెట్టుకున్నాను.

"చెల్లెమ్మగారూ, నేను సరిగ్గా వినడానికి అడుగుతున్నానండీ. మీరు తప్పుగా వినడానికి ఉంచుకుంటున్నారు."

"తప్పని తెలిసే ఉంచుకుంటున్నానండీ. ఆయన అంత నెమ్మదిగా ఎప్పుడూ ఊదలేదని నాకు తెలుసు. అయినా నాకు అదే కావాలి."

మా ఆయన షావుకారుగారికి ఫోన్ కలిపి స్పీకరు ఆన్ చేశాడు. అవతల బస్తాల లెక్క ఆపి విన్నాడాయన. "గడప దాటింది బాబాయిగారూ, అది మేడమ్‌దే. కానీ చేబదులివ్వడం బేరం కాదు కదండీ. లైబ్రరీ పుస్తకంలా ఇస్తే?"

ఆ మాట నాకు ముందే తట్టనందుకు సిగ్గేసింది. ఇంటికి తెచ్చుకున్న పుస్తకం నాది కాదని తెలిసి కూడా, పక్కన పెట్టుకుని పడుకున్నదాన్ని నేను. రెండు వారాలు మీ దగ్గర, రెండు వారాలు నా దగ్గర అన్నాను. ఆయన ముఖం విప్పారింది. మా ఆయన వైరు పీకి మా మిషన్ని వ్యానెక్కించాడు.

అప్పట్నుంచి ఆ రికార్డు ఏలూరులో నడుస్తుంది, కొల్లేట్లో గంతులేస్తుంది. నా మిగతా రికార్డుల పరిస్థితి మాత్రం ఘోరం. గాయనులందరికీ మీసాలొచ్చాయి, బ్యాండు మొత్తం మత్తులో ఊగుతోంది. వాటిని సరిగ్గా వినాలంటే గూడెం వెళ్లాలి. "మళ్లీ ఒక మంచి మిషను కొననా?" అంటాడు మా ఆయన. కొనమంటాను, కానీ దీన్ని అమ్మనంటాను.

ఈ మధ్యాహ్నం జెరాక్సు తీస్తుంటే అన్నయ్యగారి ఫోన్ వచ్చింది. ఆయన ఫోన్ని నేరుగా స్పీకరు దగ్గర పెట్టాడు. రికార్డు ఆయన వంతులో ఉంది. శాక్సఫోన్ పరుగు తీస్తోంది. వెనక ఆయన చప్పట్లు, ఇంకా వెనక ఎవరో మేత సంచుల గురించి కేకలు వేస్తున్నారు. ఆధార్ కార్డు కాపీ కోసం నిలబడ్డ పెద్దాయన, "ఏంటమ్మా అది?" అన్నాడు. ఒక్క నిమిషం కూర్చోండి, వినండి అన్నాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.