ఊడదీసిన నెంబర్లు

కువైట్‌ను ఇరాక్ సైన్యం పట్టుకున్నప్పుడు నేను రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. నా చెల్లెలు సబా అల్ సలేంలో ఇంకో ఇంట్లో పని. దాన్ని పనికి పెట్టుకున్న కఫీల్ కుటుంబం పాస్‌పోర్టు దాని చేతిలో పెట్టి సౌదీకి వెళ్లిపోయింది. చెల్లెలు నాకు ఫోను చేసి భోరుమంది.

"ఏడవొద్దు మే. ఎల్లుండి ఫర్వానియా నుంచి జోర్డాన్‌కు బస్సు పోతాది. పొద్దున్నే మా ఇంటికి రా, ఇద్దరం కలిసి పోదాం" అన్నాను. వీధి నెంబరు, ఇంటి నెంబరు దానిచేత రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. దానికి చదువు రాదు, అరబ్బీ అంకెలు మాత్రం నేనే నేర్పాను. మా ఇంటికి అది వచ్చింది ఒక్కసారే, అదీ కారులో.

మర్నాడు మామా, అంటే మా ఇంటి యజమానురాలు, నా చేతికి స్క్రూడ్రైవర్ ఇచ్చింది. సైనికులు పేర్లు పట్టుకుని ఇళ్లు వెతుకుతున్నారట. ఏ ఇల్లు ఎవరిదో వాళ్లకు తెలియకూడదని ఊరంతా నెంబరు పలకలు పీకేస్తున్నారు. నిచ్చెన ఎక్కడమంటే నాకు చిన్నప్పటి నుంచి సరదా. మా ఇంటిది, పక్కిళ్లవి, చివరికి వీధి మొదట్లో ఉన్న బోర్డు కూడా ఊడదీశాను.

నిచ్చెన పట్టుకున్న మామా కూతురు బడిలో విన్న గ్రీకు కథ చెప్పింది. లోపలికి వెళ్తే బయటికి దారి దొరకని కట్టడంలోకి పోయే వీరుడికి రాజకుమారి దారపు ఉండ ఇస్తుంది. అతను దాన్ని విప్పుకుంటూ పోయి, పట్టుకుని వెనక్కి వస్తాడు. ఈ సైనికులకు దారం లేకుండా చేశామని ఆ పిల్ల నవ్వింది. నాకు చిన్నప్పుడు లైబ్రరీలో చదివిన రష్యా కథలు గుర్తొచ్చాయి. తెలుగులోనే అచ్చైన బొమ్మల పుస్తకాలు. వాటిలో అడవి ముసలమ్మ ఇచ్చే దారపు ఉండ తనే ముందు దొర్లుతుంది, వెనకాలే నడిస్తే చాలు. గ్రీకు దారం వచ్చిన దారి చూపిస్తుంది, రష్యా దారం పోవాల్సిన దారి. మాదే మెరుగని వాదించాను. రష్యా కథ మాదెప్పుడైందో! ఆ గోలలో చెల్లెలి సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ మరుసటి పొద్దున బట్టల మూటతో వంటింట్లో కూర్చున్నాను. సైనికులు తిరుగుతున్నారని మామా గేటు దాటనివ్వలేదు. తొమ్మిదైంది, పదైంది. పదకొండింటికి అరచేయి చుర్రుమంటే చూసుకున్నాను. స్క్రూడ్రైవర్ రాపిడికి లేచిన బొబ్బ. అప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకు. చెల్లెలు ఉన్న ఇంటికి ఫోను చేస్తే పలకలేదు. మామా వద్దంటున్నా వీధిలోకి పరుగెత్తాను. ఎవరూ లేరు. మామా తమ్ముడు కారు తెచ్చి, "యల్లా, పద, ఇంక బస్సు ఉండదు" అన్నాడు. ఎక్కాను. చెల్లెల్ని వదిలేసి ఎక్కాను. దాన్ని ఇంకో రకంగా చెప్పడం నాకు రాదు.

జోర్డాన్ శిబిరంలో పదకొండో రోజు నీళ్ల వరుసలో కనిపించింది. కోనసీమ ఆడవాళ్లెవరో తమ బస్సు ఎక్కించుకున్నారట. చిక్కి సగమైంది. నన్ను చూసి ముందు కొట్టింది, తర్వాత కరుచుకుంది.

"మీ వీధులన్నీ తిరిగినానక్కా. యా ఇంటికీ నెంబరు లేదు. ఒక్కరూ తలుపు తీయలేదు. ఏ పాపిష్టోళ్లు పీకినారో గానీ, వాళ్ల చేతులు పడిపోను."

"పడిపోనీలే మే, ముందు నీళ్లు తాగు" అన్నాను.

పీకింది నేనేనని ఇప్పటికీ దానికి చెప్పలేదు.