రాళ్లు దొరకని నేలలో రాళ్ల మాస్టారు

రాళ్ల మాస్టారు పోయారు. మొన్న గుడివాడ స్టేషన్లో బందరు బండి దిగిన పాత స్నేహితుడొకాయన చెబితే తెలిసింది. అప్పటికే భూస్థాపన కూడా అయిపోయి నాలుగు రోజులట. నాకెవరూ కబురు చేయలేదని ముందు కోపం వచ్చింది. ఈ రెండేళ్లలో నేను ఒక్కసారైనా వెళ్లి చూసి రాలేదని గుర్తొచ్చాక ఆ కోపం నామీదికే తిరిగింది.

ఆయన్ని ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. మాస్టారు బందరులో ఓ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం చర్చి నుంచి రాగానే కోటు విప్పి, వరండాలో చాప పరిపించి, రాళ్ల సంఘం నడిపేవారు. నవ్వకండి. నేనూ మొదట నవ్వినవాణ్ణే. కాలవలూ వరిచేలూ తప్ప మరోటి కనిపించని మా వైపు, రాళ్లు పోగుచేసే సంఘం ఏమిటని. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బందరు కోర్టులో కొత్తగా గుమాస్తా ఉద్యోగం, ఆయన వీధిలోనే అద్దె గది. ఆదివారాలు ఎంతకీ గడిచేవి కావు. ఊరికే కూర్చోలేక ఆ వరండా మెట్లెక్కాను.

అయిదారుగురం ఉండేవాళ్లం. చేరాలంటే ఒక రాయి తేవాలి. ప్రతి రాయికీ మాస్టారు చీటీ అంటించేవారు. రాయి రకం, దొరికిన చోటు, అక్కడికి దాన్ని తెచ్చిందెవరు. ఈ మూడోది ఆయన సొంత పద్ధతి.

“మన మట్టిలో రాయి పుట్టదు బాబూ. ఎవరో మోసుకొచ్చి ఉంటారు. మోసినవాళ్లని మర్చిపోతే ఎలా?” అనేవారు.

గిలకలదిండి ఒడ్డున దొరికిన నల్లరాయి చీటీ మీద, ఓడ అడుగున బరువు కోసం వేసుకొచ్చిన నావికులు అని ఉండేది. పెడనలో ఓ అద్దకంవాళ్ల ఇంట్లో రంగులు నూరిన రాతిముక్క కింద, ఆ ఇంటి కోడలు పుట్టింటి నుంచి తెచ్చుకుంది అని రాసి ఉంది. అది చదివాక నాకు నవ్వు రాలేదు. నేనూ ఒక మంచి రాయి తేవాలనిపించింది.

మా ఊరు గుడివాడ. ఓ శనివారం ఇంటికి వెళ్లినప్పుడు పట్టాల పక్క కంకరలోంచి ఎర్ర చుక్కలున్న తెల్లరాయి ఒకటి ఏరుకున్నాను. తీరా తెచ్చేసరికి మాస్టారి అలమరాలో పట్టాల పక్క రాళ్లు అప్పటికే బోలెడున్నాయి. నలుగురూ చూస్తున్నారు. చిన్నతనంగా అనిపించి నోటికొచ్చింది చెప్పేశాను.

“దివిసీమలో మా మావయ్య చేలో దొరికిందండీ. దున్నుతుంటే పైకొచ్చింది. ఎవరూ తెచ్చింది కాదు.”

మాస్టారు రాయిని నాలుకతో తడిపి అటూ ఇటూ తిప్పి చూశారు. అది ఆయన అలవాటు, ఇంట్లో దానికి రోజూ చీవాట్లు తినేవారు.

“దివిసీమలో రాయంటే మాటలు కాదు. చూసి రావాలి. వచ్చే శనివారం సెలవు పెట్టు, మనిద్దరం వెళ్దాం” అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయనేమో ఉబ్బసం మనిషి. అవనిగడ్డ దాకా బస్సు, అక్కణ్ణించి నాగాయలంక వైపు పడవ. “ఆ రాయి సంగతి ఇంకేమైనా గుర్తొస్తే చెప్పు” అని దారిలో రెండుమూడుసార్లు అన్నారు. ఏమీ లేదండీ అంటూ నేను నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాను.

మావయ్య బిత్తరపోయాడు. “మా చేలో రాయేంటండీ మాస్టారూ? నా చిన్నప్పట్నించీ దున్నుతున్నాను, నాగలికి ఒక్కటీ తగల్లేదు” అన్నాడు. నేను తోచిన చోటు చూపించాను. మాస్టారు పంచె ఎగగట్టి గునపం అందుకున్నారు. నేను తవ్వుతానంటే ఇవ్వలేదు. ఎండకి నెర్రెలిచ్చిన నల్లమట్టి. నాలుగు పోట్లు పొడవడం, ఆగడం, మళ్లీ పొడవడం. గొయ్యి మోకాలి లోతు అయ్యేసరికి ఇక చూడలేకపోయాను.

“అది గుడివాడ పట్టాల పక్క రాయండీ” అన్నాను.

మాస్టారు గునపం కింద పెట్టి గట్టు మీద కూర్చున్నారు. మావయ్య నామీదికి రాబోతుంటే, “పొరపాటు మాదేనండీ. గొయ్యి పూడ్చేసి వెళ్తాం” అన్నారు. వీడిది అనలేదు, మాది అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం కలిసే పూడ్చాం. తిరిగొచ్చేటప్పుడు పడవలో మాత్రం చిన్నగా నవ్వారు.

“ఇకనుంచి చీటీలు నువ్వే రాయి. తప్పు రాస్తే ఎంత దూరం తిరగాలో నీకు తెలుసు.”

బదిలీ అయ్యేదాకా ఏడేళ్లు రాశాను. కోర్టులో నా దస్తూరీని ఎవరైనా మెచ్చుకుంటే అది ఆ చీటీల చలవే.

కబురు తెలిసిన మర్నాడు బందరు వెళ్లాను. మాస్టారి భార్య, మేమంతా అమ్మగారనే పిలిచేవాళ్లం, కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఇన్నేళ్లుగా గుచ్చుకుంటున్న మాట ఆవిడ ముందు బయటపెట్టాను. నా అబద్ధం మూలాన ఆ రోజు ఆయన్ని అంత అవస్థ పెట్టానన్నాను.

“నీకు చెప్పనేలేదా బాబూ?” అన్నారు అమ్మగారు. “చూసిన రోజే తెలుసు ఆయనకి. పట్టాల పక్క రాయిని పోల్చుకోలేని మనిషా? మరి ఈ ఎండలో ఆ ప్రయాణమెందుకండీ, ఇక్కడే అడిగెయ్యొచ్చుగా అన్నాను. నలుగురిలో అడిగితే కుర్రాడు మళ్లీ మన గుమ్మం ఎక్కడు, దారిలో వాడే చెప్తాడులే అన్నారు.”

దారిలో నేను చెప్పలేదు. బస్సులో చెప్పలేదు, పడవలో చెప్పలేదు. అందుకే ఆయన తవ్వాల్సి వచ్చింది. నాలుగు పోట్లు పొడిచి, గునపానికి ఆనుకుని, చెమట కారుతున్న ముఖంతో ప్రతిసారీ నావైపు చూస్తూ నిలబడేవారు. ఆయాసం తీర్చుకుంటున్నారనుకున్నాను.