రొట్టె ముట్టని చంద్రవ్వ

“...సంఘం పుస్తకంల చంద్రవ్వ పేరే లేదంటున్న గద! బాప్తిస్మం లేని మనిషికి మన సమాధుల తోటల జాగ ఎట్లిస్తం?” అన్నాడు సంఘపెద్ద సామేలు.

“పదిహేనేండ్లు మనతోని పాడిన ముసలామె ఇయ్యాల పరాయిదయిందా?” అంది అతని భార్య మార్తమ్మ.

చంద్రవ్వ ఆ ఉదయమే చనిపోయింది. పాస్టరు వికారాబాదులో ఉన్నాడు కాబట్టి, ఎక్కడ పూడ్చాలో సామేలే చెప్పాలి.

పోలీసు చర్య జరిగిన ఏడాది ఆమె ఒక మూటతో తాండూరులో రైలు దిగింది. ఏ ఊరని అడిగితే నవ్వేది. చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది. బాప్తిస్మం పొందినవాళ్లకు రొట్టె పంచే ప్రభు భోజనం వేళ మాత్రం తల్లుల చేతుల్లోని పసిపిల్లలను తీసుకుని బయటికి వెళ్లిపోయేది. సామేలుకు అప్పటినుంచే అనుమానం. ఒకసారి బాప్తిస్మం తీసుకొమ్మంటే, “నేను దిగితే చెరువుల నీళ్లు కట్ట దాటుతయి పెద్దయ్యా!” అని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వెనక ఏదో పాత మొక్కు దాగి ఉందని అతని నమ్మకం. ఇందాక ఆమె మూట కూడా విప్పి వెతికాడు. రెండు చీరలు, ఒక గిలక్కాయ దొరికాయి. అయినా అనుమానం తీరలేదు.

“ఆమె లోపట కూసుంటే మన కొడుకు ఏసుదాసును ఎవరు పట్టుకునేటోళ్లు? నీ పక్కన మోకరించి నేను ఒక్కనాడన్న రొట్టె తిందునా?” అంది మార్తమ్మ.

సామేలు బయట పారతో నిలబడి ఉన్న ఎల్లప్ప దగ్గరికి వెళ్లాడు.

“మా అమ్మ సమాధి పక్కన తవ్వు,” అన్నాడు.