బడివేళ బతుకమ్మ

సూరత్‌లోని ఆ తెలుగు నేతవాళ్ళ బస్తీలో భాగీరథి గురించి ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: మొండిది. సగం మంది మెచ్చుకుంటూ చెబుతారు, సగం మంది పళ్ళు నూరుతూ చెబుతారు. ఆమె భర్త దశరథం మాత్రం రోజును బట్టి అటూ ఇటూ మారుతుంటాడు.

తండ్రి మగ్గాల పనికి సూరత్ వచ్చినప్పుడు ఆమెకు ఆరేళ్ళు. నాలుగో తరగతిలో బడి మాన్పించి నూలు కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చోబెట్టారు. పెద్ద కారణమేమీ లేదు. బడి మెయిన్ రోడ్డుకు అవతల ఉంది, పిల్లను దాటించే తీరిక ఎవరికీ లేదు, అంతే. ఒక మనిషి చదువు ఒక రోడ్డు దగ్గర ఆగిపోవడమేమిటని అప్పుడెవరూ అడగలేదు. భాగీరథి దాన్ని మరిచిపోనూ లేదు, క్షమించనూ లేదు.

ఇప్పుడు ఆమె కూతురు నవత ఏడో తరగతి. అదే బడి, అదే రోడ్డు. రోడ్డు మాత్రం నాలుగింతలైంది. మగ్గాల మీంచి దిగిన బట్టను పల్సానాలోని అద్దకం మిల్లులకు మోసే టెంపోలన్నీ పొద్దున సరిగ్గా బడివేళకే బయలుదేరతాయి. జూలైలో ఒక వానపొద్దున వాటిలో ఒకటి నవత సైకిల్‌ను గుద్ది, ఆగకుండా పోయింది. ఎడమచెయ్యి విరిగింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే దశరథం తేల్చి చెప్పేశాడు.

"ఇగ బడి బంద్. కట్టు ఇప్పినంక ఇంట్లనే ఉండి కండెలు చుట్టుమను. పానం కంటె సదువు ఎక్కువా?"

"నా బిడ్డ కండెలు చుట్టది," అంది భాగీరథి. "రోడ్డు బాగ లేకుంటె రోడ్డును బాగ చెయ్యాలె గని, పిల్లను ఇంట్ల కూసోపెడ్తరా?"

"రోడ్డు నీ అయ్యదా బాగ చేస్తందుకు?"

"నీ అయ్యదా మరి, టెంపోలకు ఇచ్చిపెడ్తందుకు?"

మర్నాడు ఆమె పని మానుకుని మున్సిపాలిటీ ఆఫీసుకు పోయింది. బడి ముందు స్పీడ్ బ్రేకర్ వేయాలని, పొద్దున అరగంట పెద్ద బండ్లను ఆపాలని నవత చేత అర్జీ రాయించుకుని పోయింది. సాహెబు చదివి, అక్కడ ఇంతవరకూ ఎంతమంది చనిపోయారని హిందీలో అడిగాడు. ఎవరూ పోలేదంది. అయితే ఆ రోడ్డు ప్రమాదాల సర్వే జాబితాలో ముందుకు రాదమ్మా అన్నాడు, చాలా మర్యాదగానే. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్ళు మండింది. ఒక పిల్ల చచ్చేదాకా ఆగాలా అని గట్టిగా అరిచింది. ఆఫీసంతా తలలెత్తి చూసి, మళ్ళీ తలలు దించుకుంది.

ఆ సాయంత్రం పక్కింటి ఎల్లవ్వతో గోడు వెళ్ళబోసుకుంటుంటే ఆ ముసలామె వక్క కొరుకుతూ అంది:

"బతుకమ్మ ఆడితె గా రోడ్డే ఆగుతది గదనే. ఒక్క బండోడన్న హారన్ కొడ్తడా?"

నిజమే. ప్రతి ఏడూ తొమ్మిది సాయంత్రాలు బస్తీ ఆడవాళ్ళు ఆ రోడ్డు నడుమే బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతారు. ఆడవాళ్ళ వలయంలోంచి బండి పోనిచ్చే ధైర్యం ఏ డ్రైవరుకూ లేదు. భాగీరథి ఆ పూటే ఇల్లిల్లూ తిరిగింది. వస్తామన్నవాళ్ళు ఇరవై మంది, ఆగస్టు మొదటి సోమవారం పొద్దున నిజంగా వచ్చినవాళ్ళు తొమ్మండుగురు. వాళ్ళు రోడ్డు మీదికి దిగి వలయం కట్టారు. పాట లేదు, చప్పట్లు మాత్రమే. నడుమ పూలు పేర్చిన తాంబాళం ఉండాల్సిన చోట సంచులు తగిలించుకున్న పద్నాలుగు మంది పిల్లలు, వాళ్ళలో చేతికట్టుతో నవత. చప్పట్లు కొడుతూ వలయం మెల్లగా అవతలి గట్టుకు జరిగింది.

రాంప్రసాద్ అనే టెంపో డ్రైవరు తల బయటపెట్టి పూలేవని వెటకారం చేశాడు.

"కండ్లు కనవడ్తలేవా? నడుమల ఉన్నయి!" అంది ఎల్లవ్వ.

ట్రాఫిక్ పోలీసు అయితే పరుగున బారికేడ్ తెచ్చి అడ్డం పెట్టాడు. ఈ ఏడు పండుగ ఇంత ముందే వచ్చిందా, ఎన్నాళ్ళని అడిగాడు. వలయంలో ఉన్న జమున అలవాటు కొద్దీ తొమ్మిది రోజులనేసింది. పండుగ కాదని అతనికి తెలిసేసరికి వారం గడిచింది. తొమ్మిదే కదా అని ఊరుకున్నాడు.

మగ్గాల దగ్గర మగవాళ్ళు దశరథాన్ని ఆడుకున్నారు. నీ పెండ్లాం కాలం గాని కాలంలో బతుకమ్మ ఆడుతోందన్నారు. అతను నైట్ షిఫ్ట్ దిగి మెయిన్ రోడ్డు మొహం చూడకుండా వెనక సందుల్లోంచి ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

అసలు చిక్కు పదో రోజు వచ్చింది. తొమ్మిది రోజుల మాట ఆడవాళ్ళ మనసుల్లో కూడా కూర్చుండిపోయింది. తొమ్మిది ఆడితే అయిపోయినట్టే కదా! ఒక్కరూ రాలేదు. ఎల్లవ్వకు జ్వరం. పోలీసు లేడు, బారికేడ్ లేదు. పద్నాలుగు మంది పిల్లలు మాత్రం వచ్చి నిలబడ్డారు.

ఒక్క మనిషితో వలయం ఎలా అవుతుంది? భాగీరథి పిల్లలను గట్టు మీదే ఆపి, రోడ్డు నడుమకు పోయి చేతులు బార్లా చాపింది.   రాంప్రసాద్ టెంపో ఆమె ముందుకొచ్చి ఆగి, హారన్ మోగిస్తూ అంగుళం అంగుళం ముందుకు జరిగింది. బంపరు చీర కుచ్చిళ్ళకు తగిలింది.

"ఎక్కియ్! ఎక్కియ్‌రా!" అని ఆమె అరిచింది. "సచ్చినోళ్ళ లెక్క కావాలన్నరు గద ఆఫీసోళ్ళు, నాతోనే మొదలువెట్టు!"

తొమ్మిది రోజులతో ఆ గోల అంతా అయిపోయిందనుకుని ఆ పొద్దున మెయిన్ రోడ్డు మీదుగానే ఇంటికి వస్తున్న దశరథం అది చూశాడు. పక్కన ఏడెనిమిది మంది షిఫ్ట్ దిగిన మగ్గంవాళ్ళు. అతను ఉరికొచ్చి టెంపో మీద రెండు చేతులతో దబదబా బాదాడు. ఆమెను గుంజి పక్కకు తీసుకుపోతాడనే అందరూ అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుని చెయ్యి విదిలించుకుంది.

దశరథం ఆ చేతినే మళ్ళీ పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఏం జూస్తున్రు? రాండ్రి!" అని తనవాళ్ళ మీద కసిరాడు.

బతుకమ్మ వలయంలో ఎన్నడూ అడుగుపెట్టని మగవాళ్ళు, చేతులు ఎలా పట్టుకోవాలో తెలియక ఒకరి మోచేతులొకరు పట్టుకుని, రోడ్డంతా అడ్డం కట్టారు. రాంప్రసాద్ హారన్ మీంచి చెయ్యి తీశాడు.

దశరథం గట్టు వైపు తిరిగాడు. కూతురి మొహం చూడలేక, కట్టు కట్టిన చెయ్యి వైపు చూస్తూ అన్నాడు:

"నడువు బిడ్డా. బెల్లు కొడ్తరు."