మసక పీత మిగిలింది

మా బట్టల కొట్టు కంప్యూటర్‌లో ఒడిశాలోని కొట్పాడ్ ఊరి నేత చీరల ఫోటోలు మరీ ఎక్కువైపోయాయి. అందుకే ఈ రోజు పొద్దున్న పనికిరాని వాటి పేర్లన్నీ ఒక జాబితాలో రాసి, వాటిని చెరిపెయ్యడానికి కంప్యూటర్‌కి వరసగా ఆజ్ఞలిచ్చే చిన్న షెల్ స్క్రిప్ట్ రాశాను. ఆ జాబితాలో 'మసక పీత' ఒకటి. పీత బొమ్మల అంచున్న చీరకి తీస్తుంటే చెయ్యి కదిలి మసకబారిన ఫోటో అది. అదే చీరకి బాగా వచ్చిన ఫోటో పేరు ఉత్త 'పీత'.

స్క్రిప్ట్‌లో ఫైలు పేరు చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టడం మరిచాను. పేరు మధ్యలో ఖాళీ చూసి, కంప్యూటర్ అవి రెండు ఫైళ్లనుకుంది. 'మసక' అనేది లేదని చెప్పి, 'పీత'ని శుభ్రంగా చెరిపేసింది.

నా మొహం చూసి నాన్న సంగతి అడిగారు. అంతా విని అన్నారు:

"బోరిగుమ్మ బస్సు మీద ఒకే కొట్టుకి రెండు మూటలేస్తే, కలిపి తాడు కడతాం కదమ్మీ? లేపోతే కండక్టరు ఒకటి ఎక్కడో దింపేత్తాడు. నీ మిషనుకి తాడు కట్టడం రాదేటి?"

"దానికి రాదు నాన్నా. కట్టాల్సింది నేనే."

సాయంత్రం కొటేషన్లు పెట్టాను, జాబితాలోంచి 'మసక పీత'ని తీసేశాను. కానీ మళ్లీ ఫోటో తీద్దామంటే ఆ చీర ఎప్పుడో అమ్ముడైపోయింది, దాన్ని నేసిన ముసలావిడ ఇప్పుడు లేదు. ఫోటో చూసి మళ్లీ అలాంటిదే నేస్తాను, తెచ్చిపెట్టమని ఆవిడ కోడలు అడిగింది. రేపు కొట్పాడ్‌కి మసక పీతనే పట్టుకెళ్తున్నాను.

ఈ మసకలో పీతకి కాళ్లెన్నని ఆమె అడిగితే, మీరైతే ఏం చెప్తారు?