దొరకని బంగారం

మా చేన్ల బంగారం ఉన్నదేమో చూస్తమని సర్కారోళ్లు బోరు దింపి రాళ్లు తీస్కపోయినకాంచి నాకు కంటిమీద కునుకు లేదు. దొరికిందంటే చేను పోతది. ఇటిక్యాల దిక్కు అందరిదీ గదే పరేషాన్.

ఒకనాడు గద్వాల నుంచి వనపర్తి బస్సెక్కిన. పక్క సీట్ల ఒక పిల్ల కూసున్నది. బీచుపల్లి కాడ బస్సు ఆగితే కాళ్లకాడి చెక్కపెట్టె తీసింది. అండ్ల గుండ్రంగ, పొడుగ్గ కోసిన రాళ్లున్నయి. మా చేన్ల తీసినయి గూడ గట్లనే ఉండె.

"ఏంది బిడ్డా ఇవి?"

"ఇటిక్యాల దిక్కు తీసినయి పెద్దయ్యా. బంగారం మీద పరిశోధన చేస్తున్నం."

"దొరికిందా మరి?"

"లేదు. ఆ దిక్కు ఏడ జూసినా తవ్వేంత లేదు. పని ఆపేస్తున్నం."

ఒక ముక్క తీసి నా చేతుల పెట్టింది. "ఉత్త రాయే. ఇన్నేండ్ల కష్టం పోయింది."

ఆమె కండ్లల్ల నీళ్లు చూసి, నాకొచ్చిన నవ్వు ఆపుకున్న.

"మీ చేను ఆడనేనా?" అనడిగింది. తలూపిన.

"అయితే మంచిగైంది పెద్దయ్యా," అని కండ్లు తుడుసుకున్నది.

ఆ యేడే చేన్ల మామిడి మొక్కలు పెట్టిన. నీళ్లు పెడుతుంటే ఆ పిల్ల యాదికొస్తది. ఎవ్వలి చేనూ లేని గుట్టల్ల ఆమెకు బంగారం దొరికితే బాగుండు అనుకుంట.